అద్దం చూపిస్తే మాటలొస్తాయట

లైబ్రరీ సైన్సు చదువుతున్న తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! జ్ఞానం ఎలా పుడుతుందో తెలుసుకోవడానికి మీరు రెండేళ్ళు చదువుతున్నారని విని జాలేసింది. మా అపార్ట్‌మెంట్ అమ్మల గ్రూపులో అది పొద్దున పుట్టి, మధ్యాహ్నానికల్లా నడక నేర్చేస్తుంది.

నేను పదో తరగతి మధ్యలో ఆపేసినదాన్ని. అయినా ఈ విషయంలో నాకు స్వానుభవం ఉంది.

మా పాపకు ఇరవై నెలలు నిండినా ఒక్క మాట రాలేదు. నాకు అన్నం సహించేది కాదు. ఒకరోజు అది అద్దం ముందు కూర్చుని ఏదో గొణిగింది. వెంటనే ఫోటో తీసి గ్రూపులో పెట్టాను: "అద్దం చూపిస్తే మాటలొస్తాయేమో, ఎవరికైనా తెలుసా అక్కా?"

ఇక చూడండి పరిశోధన! మూడో అంతస్తు అక్క "అద్దం చూపిస్తే మాటలొస్తాయట" అని వాళ్ళ చెల్లెలికి పంపింది. చెల్లెలు "రోజుకు పదకొండు సార్లు" అని చేర్చింది. పది అంటే ఎవరో నోటికొచ్చింది చెప్పినట్టుంటుంది. పదకొండు అంటే లెక్క కట్టినట్టుండదూ? ఆ తర్వాత ఎవరో నా ఫోటోలో పాపను కత్తిరించేసి, మిగిలిన అద్దం పక్కన తెల్లకోటు ఆయన బొమ్మ అతికించారు. నాలుగో రోజుకు అది మా అత్తయ్య ఫోనుకు చేరింది.

"చూశావా, నిపుణులు చెప్పారు. నువ్వేమో చెవులూ గొంతూ అంటూ డాక్టరు దగ్గరికి పరిగెత్తుతానంటావు," అన్నారావిడ.

ఫోటోలోని అద్దానికి మూల పగిలి టేపు అంటించి ఉంది. అచ్చం మా అద్దంలాగే! నిపుణుల ఇళ్ళూ మా ఇంటిలాంటివేనని ధైర్యం వచ్చింది. మూడు నెలలు, రోజూ పదకొండు సార్లు చూపించాను. పాపకు మాటలు రాలేదు గానీ జుట్టు సర్దుకోవడం వచ్చింది.

పదకొండు చాలదేమో, పుస్తకాల్లో ఎన్నిసార్లని ఉందో చూద్దామని పాపను తీసుకుని లైబ్రరీకి వెళ్ళాను.

"ఎవరు చెప్పారమ్మా?" అని అడిగారు లైబ్రేరియన్ మేడమ్.

"నిపుణులండి."

"ఆ నిపుణులకు పేరుండదా?"

"మా అత్తయ్యకు వచ్చిందండి."

"ఆవిడకెవరు పంపారు? కనుక్కోండి."

ఒకరి తర్వాత ఒకరికి ఫోన్ చేస్తూ పోతే, అరగంటకు మూడో అంతస్తు అక్క దగ్గర తేలాను. "నువ్వే కదే చెప్పింది?" అంది.

మేడమ్ నవ్వలేదు. పిల్లల ఆరోగ్యం పుస్తకం కోసం పై అరలో వెతుకుతుంటే పక్కనున్న లావుపాటి నిఘంటువు జారి ధబేల్మని పడింది. పేపరు చదువుతున్న పెద్దాయన ఎగిరిపడ్డాడు. వాచ్‌మన్ నిద్రలోంచి లేచి సెల్యూట్ కొట్టాడు. ఇటు వీపు పెట్టి కూర్చున్న మా పాప మాత్రం కుర్చీ కాలు నాకుతూనే ఉంది.

"పాప చెవులు ఎవరికైనా చూపించారా?" అన్నారు మేడమ్ మెల్లగా.

తీసుకెళ్ళి చూపిస్తే, రెండు చెవుల్లోనూ లోపల నీరు చేరిందట. ఈ మాట కింద మాత్రం డాక్టరు పేరూ సంతకమూ ఉన్నాయి. చిన్న ఆపరేషన్ చేశారు. ఇప్పుడు "ఇవ్వు" అంటోంది. ఇచ్చేదాకా అంటూనే ఉంది.

ఇంకో తల్లి నాలా మోసపోకూడదని ఇదంతా పూసగుచ్చినట్టు గ్రూపులో రాశాను. మర్నాడే అత్తయ్య ఫోనుకు వచ్చింది: "పిల్లల వెనక లావుపాటి పుస్తకం పడేస్తే మాటలొస్తాయి." తెల్లకోటు ఆయనే!

గ్రూపులో ఒకటే చర్చ. ఎన్ని పేజీల పుస్తకం? అట్ట గట్టిదా, మెత్తదా? ఎంత ఎత్తునుంచి? ఎవరు చెప్పారని మాత్రం ఒక్కరూ అడగలేదు.

అదొక్కటి అడగడం నేర్చుకోవడానికే మీకు రెండేళ్ళు పడుతుందంటే, పట్టనివ్వండి. నాకు మూడు నెలలు పట్టింది. ఆ మూడు నెలలూ మా పాపకు నా గొంతు వినపడలేదు.