సాఫ్ట్‌వేర్ వేరుకాపురం

మధ్యాహ్నంలోగా ఆస్పత్రి బట్టలు పంపేసి కాసేపు నడుం వాల్చాలని ఆ పొద్దున లాండ్రీ పెద్దాయన అనుకున్నాడు. కొట్టుకు ఆస్పత్రే ఆధారం. ఇంకోసారి బట్టలు తారుమారైతే వేరే లాండ్రీ చూసుకుంటామని వాళ్ళు ముందే చెప్పారు.

ఏ మూట ఎవరిదో చెప్పే సాఫ్ట్‌వేర్ ఆయన అల్లుళ్ళిద్దరూ కలిసి రాసిందే. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. ఎన్నో లాండ్రీలు వాడుతున్నాయి. మూటకొక నంబరు చాలని పెద్దల్లుడు, బట్టబట్టకూ ఉండాలని చిన్నల్లుడు పట్టుబట్టి, దాన్ని రెండుగా చీల్చి వేరుకాపురం పెట్టించారు. తనదే మేలని మామగారి కొట్టులోనే తేల్చాలని ఎవరికి వారే అనుకుని, పెద్దవాడు ముందుగది కంప్యూటర్లో, చిన్నవాడు ఇస్త్రీగది కంప్యూటర్లో తమ తమది ఎక్కించి పోయారు. ఒకరి సంగతి ఒకరికి తెలియదు.

ముందుగదిలో అంటించిన చీటీలను ఇస్త్రీగది తనకు తోచినట్టు చదువుకుంది. బట్టలు వెళ్ళిన కాసేపటికి ఆస్పత్రి నుంచి ఫోను.

"ఏమండీ, మా సర్జన్ గారు జరీ అంగీ తొడుక్కుని ఆపరేషన్ చెయ్యాలా?"

అది పెట్టగానే ఇంకో ఖాతాదారు, నాటకాల కంపెనీ మేనేజరు. "మా మహారాజు ఆకుపచ్చ గౌనులో కూర్చున్నాడయ్యా! వెనకంతా గాలే!"

పెద్దాయన తానే పరుగెత్తి మూటలు మార్చి, ఆస్పత్రిలో నానా మాటలూ పడి వచ్చాడు. సాయంత్రం బట్టలైనా సరిగా రాకపోతే ఇక సెలవన్నారు.

అల్లుళ్ళను పిలిపించాడు.

"నాది బాగానే ఉంది మామయ్యా, తమ్ముడిదే తేడా," అన్నాడు పెద్దవాడు.

"అన్నయ్యదానికి కళ్ళే లేవు మామయ్యా."

"ఆపండి అల్లుడుగారూ, ఇద్దరూ ఆపండి. మధ్యలో నా కొంప మునుగుతోంది. అవతలివాళ్ళ చీటీ చదవలేనిది ఈ కొట్టులో ఉండదు. అంతే."

ఇద్దరూ చెరో మూల కూర్చున్నారు. అన్నం ముట్టలేదు. కలిసున్నన్నాళ్ళు "చూద్దాం మామయ్యా" అని దాటేసిన పనులు, ఊడిన గుండీ గురించి, వదలని మరక గురించి ముందే చెప్పడం లాంటివి, ఇప్పుడు అడక్కుండానే చేసేస్తున్నారు. దాపరికం లేని సరుకు కదా, ఒకరు చేసింది ఇంకొకరు తీసుకుని దానికి మరింత నగిషీ పెడుతున్నారు. పొద్దువాలేసరికి రెండూ ఒకదాని చీటీలు ఒకటి చదివాయి. ఒక్క దిండు గలీబు కూడా దారి తప్పలేదు. ఆస్పత్రివాళ్ళు ఫోన్ చేసి మరీ మెచ్చుకున్నారు. అల్లుళ్ళకు బుర్ర ఉందని పెద్దాయన మొదటిసారి ఒప్పుకున్నాడు, మనసులోనే.

కొట్టు కట్టేసేవేళ ఇద్దరూ నవ్వుకుంటూ వచ్చారు.

"కలిసిపోయాం మామయ్యా! ఇక రెండొద్దు, ఒక్కటే చాలు. అత్తయ్య ఉండుంటే ఎంత సంతోషించేదో!"

"ఎవరు కలవమన్నారు మిమ్మల్ని?"

మర్నాడు పొద్దున్నే పెద్దాయన పెద్దల్లుడికి ఫోన్ చేసి, చిన్నల్లుణ్ణి తెగ పొగిడాడు.