పెద్ద సమాధి వారసుడు

దేశం కోసం ప్రాణమిచ్చినవాడికి చావు లేదని పెద్దలు అన్నారు. చావు లేనివాడికి వారసుడెందుకని మాత్రం ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే తుమ్మలకుంట బాపురావు పెద్ద చిక్కులో పడేవాడు.

తుమ్మలకుంట బోధన్ నుంచి కోటగిరి పోయే దారిలో, కాలువ గట్టు మీద ఉంటుంది. ఊరి చివర మిలిటరీ సమాధులున్నాయి. రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన ఒక దళం అక్కడ గుడారాలు వేసింది. యుద్ధంలో తుపాకులకు దొరకనివాళ్లు ఇక్కడ కలరాకు దొరికారు. తోటివాళ్లు హడావుడిగా పూడ్చిపెట్టి, రాళ్ల మీద పేర్లు చెక్కే తీరిక లేక తలా ఒక నంబరు వేసి వెళ్లిపోయారు. అలా పోయినవాళ్లలో ఈ ఊరివాళ్లు కూడా కొందరున్నారు. వాళ్లలో ఎవరు ఏ నంబరో ఊళ్లో ఎవరికీ తెలియదు. చాలా ఏళ్లు ఎవరికీ అవసరం కూడా పడలేదు.

తర్వాత ఆ జాగాకు సర్కారు కంచె వేస్తుందనే మాట పుట్టింది. ఊరికి ఒక్కసారిగా తాతలు గుర్తుకొచ్చారు. బంజరు భూమిని ఎలా పంచుకుంటారో సమాధులనూ అలాగే పంచుకున్నారు. ముందు వచ్చినవాడిదే హక్కు. బాపురావు తండ్రి తెల్లవారక ముందే చెరుకు కొట్టే కూలీలను వెంటబెట్టుకుని పోయి, తుమ్మ చెట్లు నరికించి, అన్నిటికన్నా పెద్ద సమాధి మీద పసుపు చల్లి కొబ్బరికాయ కొట్టాడు. ఆ విధంగా ఆయనకు తండ్రి దొరికాడు.

ఆ సమాధి ఏడడుగుల పైన పొడవు, మంచమంత వెడల్పు. బాపురావు ఇంట్లో ఎవరూ ద్వారబంధం కింద తల వంచి ఎరగరు. అయినా తాత లింబాజీరావు ఏడడుగుల వీరుడని ఊరంతా ఒప్పుకుంది. ఒప్పుకోనిది ఒక్క మేనత్త రుక్మాబాయే. ఆమె లింబాజీకి స్వయానా బిడ్డ, తండ్రి పోయేనాటికి ఒళ్లో పిల్ల.

"మా అవ్వ చెప్పేది కదరా, మా బాపు పొట్టోడని. ఉట్టి అందుకోనీకి పీట ఏసుకునేటోడట."

"మిలిటరీల చేరినంక పెరిగిండు అత్తా. ఆడ తిండి మంచిగుంటది."

ఆమె ఆ మాట నమ్మలేదు. కానీ తండ్రికి ఇంకో చోటు చూపించలేకపోయింది కనుక ఊరుకుంది. పోయిన పెద్దలకు పెట్టుకునే అమావాస్య, ప్రతి పెత్రమాసకూ ఆ పెద్ద సమాధికే పసుపు రాసి, గారెలు పెట్టి, కల్లు పోసి, బీడీల కట్ట ఉంచి దండం పెట్టేది. పసుపు పండించే ఊరు కదా, పసుపుకు కరువేముంది. ఏళ్ల తరబడి రాసిన పసుపు ఆ రాయి మీద పెచ్చులు కట్టి, కింద ఏముందో కనపడకుండా పోయింది.

ఇంతలో పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. బాపురావుకు సర్పంచు కావాలని ఉంది, అదీ పోటీ లేకుండా కావాలని ఉంది. ఊరివాళ్లేమో ఒక వీరుడి మనవడికి అడ్డుపడం, అయితే ఆ వీరుడు నిజంగా వీరుడని పైవాళ్లెవరైనా చెప్పాలన్నారు. వెంటనే బాపురావు అధ్యక్షుడిగా, కిరాణా దుకాణం తుకారాం కార్యదర్శిగా ప్రముఖ వీరుల స్మారక కమిటీ ఏర్పడింది. కమిటీ మొదటి సమావేశంలోనే ఒక నియమం చేసింది. పతకం వచ్చినవాడే ప్రముఖుడు, అతని వారసుడికే శాలువా.

"మరి లింబాజీ తాతకు పతకం వచ్చినట్టు రుజువేంది?" అన్నాడు తుకారాం.

"పతకం లేనోనికి గంత పెద్ద గోరి కడతరా?"

తుకారాం ఆ మాటనే తీర్మానంగా రాసుకున్నాడు. పాలరాతి ఫలకం తయారైంది. పైన పెద్ద అక్షరాల్లో 'ప్రముఖ వీరుడు, పతక గ్రహీత లింబాజీరావు', కింద చిన్న అక్షరాల్లో 'మరియు తదితరులు'.

నాగవ్వ మామ కూడా అక్కడే ఎక్కడో పడుకుని ఉన్నాడు. ఆమె వచ్చి ఫలకం పైనుంచి కిందిదాకా చదివించుకుంది.

"మా మామ యాడున్నడు బాపురావు?"

"తదితరుల్ల ఉన్నడు నాగవ్వా."

"అందుల ఎంతమంది ఉన్నరు?"

"మిగిలినోళ్లందరు."

"అయితే ఇరుకిరుకు ఉన్నట్టుంది," అని నాగవ్వ వెళ్లిపోయింది.

పెత్రమాస నాడే ఆవిష్కరణ పెట్టారు. ఎలాగూ గారెలతో జనం వస్తారు, మళ్లీ పిలిచే ఖర్చుండదు. వేదిక పెద్ద సమాధి పక్కనే ఉండాలని బాపురావు పట్టుబట్టాడు, ఫోటోలో తాత కూడా పడాలి కదా. ఆ చోట మోకాలెత్తు సమాధి ఒకటి అడ్డం వచ్చింది. మరీ చిన్నది కావడంతో పంపకాల్లో కూడా దాన్ని ఎవరూ తీసుకోలేదు. దాని మీదే పలకలు పరిచి, ఎర్ర తివాచీ వేసి వేదిక చేశారు.

నిజామాబాద్ నుంచి ముఖ్య అతిథి వచ్చాడు. కల్నల్ భానుప్రసాద్, రిటైరైన మనిషి, యుద్ధం అయిన చాలా ఏళ్లకు ఆ దళంలోనే పనిచేసినవాడు. కారు దిగుతూనే తిన్నగా పెద్ద సమాధి దగ్గరికి నడిచి, నిటారుగా నిలబడి సెల్యూట్ కొట్టాడు. బాపురావు గుండె ఉప్పొంగిపోయింది. సగం సర్పంచు అప్పుడే అయిపోయాడు.

"రాజా. ఇన్నాళ్లకు చూశాను నిన్ను," అన్నాడు కల్నల్.

"రాజా కాదు సార్. లింబాజీరావు. మా తాత."

కల్నల్ ఆయన వంక వింతగా చూసి, చెంబుతో నీళ్లు, కొబ్బరి పీచు అడిగాడు. స్వయంగా కూర్చుని రాయి తోమాడు. పెత్రమాసల పసుపంతా పెచ్చులు పెచ్చులుగా రాలింది. రాతి మీద నంబరు, దాని కింద చెక్కిన నాడా బయటపడ్డాయి. గుర్రాల డెక్కలకు కొట్టే ఇనుప నాడా.

"రాజా మా దళం బరువంతా మోసిన కంచర గాడిద," అన్నాడు కల్నల్. "బర్మా కొండల్లో గుండు తగిలినా మందుగుండు పెట్టె కింద పడెయ్యలేదు. పతకం ఇచ్చారు. కొత్తగా చేరిన ప్రతి సిపాయికీ ఈ కథ చెబుతాం."

జనంలో ఎవరో "ఖచ్చరా" అన్నారు. ఇన్నేళ్లుగా అక్కడ పోసిన కల్లును తలుచుకుని తుకారాం నోరు తెరిచాడు.

"మరి లింబాజీ?" అని అడిగింది రుక్మాబాయి.

"లింబాజీ దాన్ని తోలినవాడమ్మా. పొట్టి మనిషి, రాయి మీదెక్కి దానికి జీను కట్టేవాడట. కలరాతో ముందు ఆయన పోయాడు. తర్వాత రాజా మేత ముట్టక వారం తిరక్కుండానే పోయింది. ఇద్దరినీ పక్కపక్కనే పెట్టారు. ఇక్కడే చిన్న సమాధి ఉండాలి."

ఊరంతా వేదిక వైపు చూసింది. వేదిక మీద, సరిగ్గా మధ్యలో, కొత్త బూట్లతో బాపురావు నిలబడి ఉన్నాడు.

కల్నల్ చేతిలో శాలువా ఉంది. ఆయన ఇబ్బందిగా వేదిక ఎక్కాడు. "మీ కమిటీ నియమం నాకు పంపించారు. పతకం వచ్చినవారి వారసులకే శాలువా అన్నారు. పతకం రాజాది. లింబాజీకి రాలేదు. రాజాకు వారసులంటే, మరి, కంచర గాడిదకు పిల్లలు పుట్టరు. మీరు ఎవరి తాలూకో చెప్పండి."

బాపురావు ఆలోచించాడు. లింబాజీ మనవడినంటే తాతతో పాటు తానూ తదితరుల్లో పడాలి, నాగవ్వ మామ పక్కన. తదితరుడి మనవడికి పోటీ లేకుండా సీటెవరిస్తారు. కింద పేపరాయన కెమెరా ఎత్తి పట్టుకున్నాడు.

"సార్, మా తాత రాజాను కన్నకొడుకు లెక్క సాకిండు," అని బాపురావు మెడ వంచాడు. "గా లెక్కన రాజా నాకు పెద్దబాపు అయితడు."

కల్నల్ శాలువా కప్పాడు. చప్పట్లు మోగాయి. నాగవ్వ కూడా కొట్టింది, పక్కావిడతో, "పోలికలున్నయ్ తియ్," అంటూ.

రుక్మాబాయి పెద్ద సమాధి ముందున్న గారెల విస్తరి తీసుకుని వేదిక దగ్గరికి వచ్చింది. తండ్రి ఎక్కడున్నాడో తెలియడానికి ఆమెకు ఒక జీవితం పట్టింది. కళ్లనీళ్లు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

"బాపురావు, దిగు బిడ్డా. మా బాపు మీదికెల్లి దిగు."

"ఆగత్తా," అన్నాడు బాపురావు, శాలువా సర్దుకుని కెమెరా వైపు చూస్తూ. "ఒక్క ఫోటో."