తొడుగు క్షేమం

మనిషి నిప్పును అదుపులోకి తెచ్చుకున్నాక సాధించిన రెండో ఘనకార్యం మా ఇంటి వెనక మైదానంలో గడ్డి కోయించడం. ఇది ఒక ట్రాక్టరూ ఒక డ్రైవరూ ఉంటే అయిపోయే పనని మీరనుకుంటే, మైదానాల నిర్వహణ కార్యాలయం మెట్లు మీరు ఎప్పుడూ ఎక్కలేదన్నమాట.

ట్రాక్టరు వెనక గడ్డి కోసే యంత్రం తగిలించి ఉంటుంది. ఇంజను నుంచి దాని బ్లేడ్లకు శక్తి మోసుకెళ్లే ఇనుప కడ్డీ, అదే షాఫ్టు, గిర్రున తిరుగుతుంటుంది. దానికి చొక్కా అంచు చిక్కినా మనిషిని లోపలికి లాగేస్తుంది, ఆగి క్షమాపణ అడగదు. అందుకే షాఫ్టు మీద ప్లాస్టిక్ తొడుగు లేనిదే యంత్రం నడపరాదని నాలుగో నిబంధన.

తొడుగు ఉంది. స్టోరు గదిలో, ఇనుప బీరువాలో, వచ్చినప్పటి కవరు కూడా విప్పకుండా ఉంది. స్టోర్‌కీపరు దాని మీద ఈగ వాలనివ్వడు.

"సార్, ఆ తొడుగు ఇస్తే బిగించుకుంటాను," అన్నాడు డ్రైవరు. ఈ మాట అనడం అతనికి పదకొండోసారి.

"బిగిస్తే?"

"బిగిస్తే నా చెయ్యి పోదు సార్."

"నీ చెయ్యి సంగతి సరేనయ్యా, తొడుగు పోతే? ఎండకి పగులుద్ది, రాయి తగిలి చిట్లుద్ది. రేపు ఆడిట్ వాళ్లొచ్చి తొడుగేదీ అంటే నీ చెయ్యి చూపించమంటావా?"

తనిఖీ ఫారంలో 'తొడుగు ఉన్నదా?' అని మాత్రమే ఉంది. ఎక్కడ ఉన్నదో అడగలేదు. గడ్డి భద్రతాధికారి (అలాంటి పదవి ఉంది, ఆయనకు ఇద్దరు సహాయకులు కూడా ఉన్నారు) బీరువా తెరిపించి, తొడుగును కళ్లారా చూసి, 'ఉన్నది' అని రాసుకుని వెళ్లారు.

డ్రైవరు మాత్రం తన పద్ధతిలో తాను పని చేసుకుపోతాడు. కోతకు ముందు మైదానమంతా నడిచి రాళ్లూ తీగ ముక్కలూ ఏరేస్తాడు. ఇంజను ఆపి, బ్లేడ్లు పూర్తిగా నిలిచాకే సీటు దిగుతాడు. వీటికి ఫారం లేదు కాబట్టి కార్యాలయం దృష్టిలో ఇవేవీ జరగలేదు.

తొడుగుకు బదులుగా అతనికి మెరిసే జాకెట్టు ఒకటి ఇచ్చారు. 'అందరికీ సరిపడునది' అని దాని మీద రాసి ఉంది (ఎవరికీ సరిపడదని భావం). రెండు పట్టీలు మోకాళ్ల దాకా వేలాడుతుంటాయి. జాకెట్టు తప్పక వేసుకోవాలని తొమ్మిదో నిబంధన. వేలాడే బట్టలేవీ వేసుకోరాదని పదో నిబంధన. రెంటికీ పొత్తు ఎలా కుదురుతుందని డ్రైవరు అడిగితే భద్రతాధికారి ఏమాత్రం తడుముకోలేదు.

"తొమ్మిది ప్రకారం వేసుకో. పది ప్రకారం జాగ్రత్తగా వేసుకో."

డ్రైవరు భార్య దర్జీ. నా చొక్కాలు కుట్టేది ఆవిడే. జాకెట్టు చూడగానే పట్టీలు కత్తిరించి, ఒంటికి అతుక్కునేలా బిగించింది. మర్నాడే కార్యాలయ ఆస్తిని వికృతపరిచినందుకు తాఖీదు వచ్చింది. పట్టీలు యథాస్థానంలో ఉండాలన్నారు. ఆవిడ మళ్లీ కుట్టింది, కచ్చా కుట్టు వేసి.

"గట్టిగా కుట్టలేదేంటే?" అన్నాడు డ్రైవరు.

"కావాలనే. లాగితే ఊడిపోవాలి. నాకు జాకెట్టుతో పన్లేదు, మీరు రెండు చేతుల్తో ఇంటికి రావాలి."

ఇంతలో కార్యాలయం వారు భద్రతా యాప్ తెచ్చారు. డ్రైవరు ముఖం, జాకెట్టు, తిరుగుతున్న బ్లేడ్లు, మూడూ ఒకే ఫోటోలో పడితేనే ఆ రోజు భద్రంగా గడిచినట్టు యాప్ ఒప్పుకుంటుంది. కాబట్టి ప్రమాదం లేదని నిరూపించడానికి నడుస్తున్న యంత్రం పక్కన మనిషి నిలబడాలి.

"ఇంజను ఆపకుండా నేను దిగను సార్," అన్నాడు డ్రైవరు.

"యాప్ ఒప్పుకోదయ్యా. ఒక్క నిమిషం."

నేను వంటింటి కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. "ఇంకొంచెం వెనక్కి, ఇంకొంచెం," అంటున్నారు భద్రతాధికారి, ఫోను ఎత్తి పట్టుకుని. గాలికి ఎడమ పట్టీ ఎగిరి షాఫ్టుకు చుట్టుకుంది. డ్రైవరు ఒక్క అడుగు వెనక్కి తూలాడు. ఆ వెంటనే పుటుక్కున కుట్టు తెగింది, పట్టీ ఒక్కటే షాఫ్టుతో తిరుగుతూ ఉండిపోయింది. అతను గడ్డిలో కూలబడి రెండు చేతులూ మార్చి మార్చి చూసుకున్నాడు.

"ఫోటో కదిలిపోయింది," అన్నారు భద్రతాధికారి.

కేకలు విని స్టోర్‌కీపరు పరుగున వచ్చాడు. జరిగింది విని గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "ఆ తొడుగు గానీ దీనికి ఉండి ఉంటే, ఈపాటికి గీతలు పడిపోయేదండీ!"

వారం తిరక్కుండా విచారణ పూర్తయింది. తొడుగుకు ఎట్టి నష్టమూ వాటిల్లలేదని మొదటి పేరాలోనే హర్షం వ్యక్తం చేశారు. రెండో పేరా డ్రైవరుకు: "పట్టీ ఊడుటకు నాసిరకపు కుట్టే కారణమని తేలినది. ఇకపై నైలాను దారముతో, రెండు వరుసలుగా, ఎంత లాగిననూ ఊడకుండునట్లు కుట్టించి ధరించవలెను."

ఫోటో సోమవారం మళ్లీ తీస్తారు.