పక్క దిండు మీద అన్నయ్య

ఆఫీసులో ఫిర్యాదుల విభాగానికి అధిపతిగా ఇరవయ్యేళ్లు అరిచిన దరిమిలా, నాకు మనశ్శాంతి అత్యవసరమని మా ఇంట్లో ఏకగ్రీవంగా తీర్మానించడమైనది. "మూడు రోజులు నోరు మెదపకుండా ఉండి రండి. మీకు శాంతి దొరక్కపోయినా మాకు దొరుకుతుంది," అంది మా ఆవిడ. ఆ విధంగా నేను బౌద్ధ ధ్యాన శిబిరంలో చేరాను.

అక్కడ ఒక పెద్ద భిక్షుణి మమ్మల్ని దిండ్ల మీద కూర్చోబెట్టి, మౌనంగా ఊపిరిని గమనించమన్నారు. సరిదిద్దవద్దన్నారు. యాభై మూడేళ్లుగా ఆ పని నా పర్యవేక్షణ లేకుండానే సాగిపోతోందని తెలిసి కాస్త చిన్నబుచ్చుకున్నాను. పది నిమిషాలకల్లా మోకాళ్లు మొరపెట్టుకున్నాయి. అయినా ఓరకంట అందరినీ తనిఖీ చేసి, నిటారుగా కూర్చోవడంలో నాకు నేనే మొదటి స్థానం ఇచ్చుకుని, అహంకారం ఇంత త్వరగా వదిలినందుకు సంతోషించాను.

అప్పుడు చూశాను పక్క దిండు. దాని మీద మా అన్నయ్య.

ఆరేళ్లుగా మాకు మాటల్లేవు. మా అమ్మాయి పెళ్లి ఫొటో ఫ్రేములో పట్టకపోతే ఒక పక్క కత్తిరించాను. ఆ పక్కన ఉన్నది ఆయన. అంతే.

శిబిరంలో మాత్రం మేం ఆదర్శ సోదరులం. భోజనాల దగ్గర ఆయన మంచినీళ్లు నా వైపు జరిపాడు. నేను ఉప్పు జరిపాను. మూడోరోజు భిక్షుణి, "మీకు గిట్టని మనిషిని తలుచుకుని, సుఖంగా ఉండాలని కోరుకోండి," అన్నారు. కోరుకుంటూ ఒక కన్ను తెరిచి చూద్దును గదా, ఆయనా ఒక కన్నుతో నన్నే చూస్తున్నాడు. ఆ కన్ను తడిగా ఉంది. "అన్నయ్యా" అన్న మాట నా పెదాల దాకా వచ్చింది. మౌనం కాబట్టి ఎవరికీ తెలియలేదు.

సాయంత్రం గంట కొట్టి మౌనం ఎత్తేశారు.

"ఏరా, చిక్కిపోయావు," అన్నాడు అన్నయ్య.

"నువ్వూ అంతే, అన్నయ్యా."

"ముందు పలకరించింది నేను. అది గుర్తుంచుకో."

"ముందు ఉప్పు జరిపింది ఎవరు మరి?"

"అంతకుముందు నేను నీళ్లు జరపలేదూ?"

"అవి నీ కంచానికి అడ్డమొచ్చి జరిపావు."

చెప్పులు వేసుకునేలోపు తగువు ఫొటో దాకా వెళ్లింది. గేటు దాటాక చెరో దారి పట్టాం.

ఇప్పుడు మూడు నెలలకోసారి, ఒకరికొకరం చెప్పుకోకుండానే, ఆ శిబిరంలోనే కలుస్తున్నాం. ఆఖరి గంట కొట్టడానికి ఐదు నిమిషాల ముందే ఇద్దరం లేచి వచ్చేస్తున్నాం. రక్తసంబంధం నిలుపుకోవాలంటే ఆమాత్రం జాగ్రత్త తప్పదు.

మావంటి సాధకులు పెరిగినందువల్ల నిర్వాహకులు దరఖాస్తులో కొత్తగా ఒక గడి చేర్చారు: "ఏ బంధువు పక్కన మీరు కూర్చోలేరు?" ఆ గడి ఎవరికీ చాలడం లేదట. కనుక రాదలచిన పాఠకులు అదనపు కాగితాలు తామే తెచ్చుకోవలసిందిగా మనవి.