ఏసమ్మ గారి దాకలో బేస్ తీగలు

శ్యాంబాబుకి కాలు ఒకచోట నిలవదు. వేలు అసలే నిలవదు. ఆటోలో కూర్చుంటే ముందు సీటు మీద, బ్యాంకులో కూర్చుంటే కౌంటరు అద్దం మీద, కంచం ముందు కూర్చుంటే మంచినీళ్ల గ్లాసు మీద డుమ్ డుమ్ అని వాయిస్తూనే ఉంటాడు. రాజమండ్రిలో బ్యాంకు ఉద్యోగం, ఆదివారం చర్చి బ్యాండులో బేస్ గిటార్. మొదటిది పొట్ట కోసం, రెండోది ప్రాణం కోసం అంటాడు.

"మరి నేను దేనికండీ?" అని ప్రిస్కిల్లా అడిగింది ఒకసారి.

"నువ్వు రెండింటికీనే."

"అంటే పొట్టకి వండాలి, ప్రాణానికి చప్పట్లు కొట్టాలి. అంతేగా?"

ప్రిస్కిల్లా స్కూల్లో లెక్కల టీచరు. ఆవిడతో వాదించి గెలిచినవాడు ఆ వీధిలో లేడు, వాళ్లింట్లో అయితే అసలు లేడు.

బేస్ గిటార్ అంటే తెలియనివాళ్లకి ఒక్క ముక్క. నాలుగే తీగలు, లావుగా ఉంటాయి, పాటకి అడుగున ఉండి బరువంతా మోస్తాయి. మోస్తున్నంతసేపూ ఎవరూ పట్టించుకోరు, ఆగితే మాత్రం అందరూ తలెత్తి చూస్తారు. "మా ఆడవాళ్ల పనిలాగే" అంటుంది ప్రిస్కిల్లా.

శ్యాంబాబుకి ఒక గట్టి నమ్మకం ఉంది. బేస్ సరిగ్గా పలకలేదంటే తప్పు తీగలది. వేళ్లది కానే కాదు. అందుకే ఇంటికి పాలపాకెట్లు వచ్చినంత క్రమంగా తీగల పార్సెళ్లు వస్తుంటాయి.

"ఏమండీ, మళ్లీ పార్సెలా?"

"రౌండ్‌వౌండ్ తీగలు బాగా గరుగ్గా ఉన్నాయే. వేలు జరిపినప్పుడల్లా కీచుమంటున్నాయి. ఇవి ఫ్లాట్‌వౌండ్. నున్నగా వెన్నలా ఉంటాయి చూడు."

"ఇంతకుముందు వెన్నలాంటివే కొన్నారుగా. మొద్దుగా మోగుతున్నాయన్నారు."

"అది వేరే వెన్న."

"మధ్యలో ఆ నల్లవి?"

"నైలాన్ తొడుగువి. మరీ మెత్తన. వింటుంటే ఏడుపొచ్చేస్తోంది."

"నాకూ వచ్చింది, పార్సెల్ విప్పినప్పుడే. ఒక్కసారి తీగలు వదిలేసి వేళ్లు మార్చి చూడండి."

"వేళ్లు ఎక్కడ దొరుకుతాయే?"

"సాధన చేస్తే మొలుస్తాయి. ఇదిగో, చెప్తున్నా వినండి. ఇంకొక్క పార్సెల్ ఈ గుమ్మం దాటిందంటే, దాంతోపాటు మిమ్మల్ని కూడా రిటర్న్ పెట్టేస్తా."

శ్యాంబాబు నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. దాంతో ఆయన నవ్వు కూడా మధ్యలో ఆగిపోయింది.

సరిగ్గా అప్పుడే యెహెజ్కేలు మాస్టారు బాంబు పేల్చారు. ఆయన చర్చి క్వయర్‌ని నడిపించే పెద్దాయన. తాళం తప్పితే కళ్లజోడు తీసేస్తారు. ఆ కళ్లజోడు తీశారంటే క్వయర్ మొత్తం కీర్తన మానేసి లోపల ప్రార్థన మొదలుపెడుతుంది.

"చూడు బాబూ, కోత పండుగ పాటలో మూడో చరణం అయ్యాక అందరం ఆపేస్తాం. నువ్వొక్కడివే బేస్ మీద పాటని మోసుకురావాలి, మేం మళ్లీ అందుకునేదాకా. అక్కడ జారావనుకో, పండుగనాడు కోత కోసేది నిన్నే. నీ స్థానంలోకి ఇంకో చెయ్యి తయారవుతోంది నా దగ్గర."

"ఎవరండీ, మాస్టారూ?"

"ఉన్నార్లే" అని కళ్లజోడు పెట్టుకున్నారు.

శ్యాంబాబుకి గుండెల్లో డుమ్ అంది. ఎవరై ఉంటారు? కీబోర్డు వాయించే కుర్రాడా? ఆ కొత్త డ్రమ్మరు తమ్ముడా? కాలేజీ రోజుల నుంచి ఆ మూల తనది. స్పీకరు పక్కన నిలబడి కళ్లు మూసుకుని తలూపే ఆ మూల పోతే ఆదివారం ఎక్కడ నిలబడాలి? జనంలోనా?

పోయిన ఈస్టర్ అప్పుడు మాస్టారు వెనకగదిలో ముసుగేసి ఉన్న డబుల్ బేస్ చూపించి "దీన్ని నేర్చుకోరాదూ" అన్నారు. ఎప్పటి దొరలు వదిలేసి వెళ్లారో, వయొలిన్‌కి బోదకాలు వచ్చినట్టు మనిషికన్నా ఎత్తుంటుంది. శ్యాంబాబు ముసుగెత్తి చూసి, "దీని తీగలు మా తాతగారికన్నా పెద్దవండీ. ముందు అవి మార్పించండి, అప్పుడు చూద్దాం" అని చక్కా వచ్చేశాడు. ఇప్పుడు గుర్తొస్తే కాస్త కలుక్కుమంది.

ఆ రోజు నుంచి ఇల్లు పీకి పందిరి వేశాడు. ఫ్లాట్‌వి తీసి నల్లవి, నల్లవి తీసి ఫ్లాట్‌వి, గడ్డం గీసుకుంటూ ఒకసారి, చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ ఇంకోసారి. తీగలు మార్చడంతోనే సాయంత్రం అయిపోయేది, ఇక వాయించడానికి టైమేదీ? ఆ కంగార్లో ఇంట్లో కొన్ని సంగతులు ఆయన కంటపడినా బుర్రకెక్కలేదు. ప్రిస్కిల్లా పెనం మీద అట్టు వేలితోనే తిప్పేస్తోంది, కాలట్లేదు. చీపురు పట్టుకుని కర్ర మీద వేళ్లు ఒకటొకటే నొక్కుతూ నిలబడిపోతోంది. శనివారం స్త్రీల కూడిక అంటే ఇదివరకు బద్ధకించే మనిషి, ఈస్టర్ తర్వాత ఒక్క వారం మానలేదు. భార్యకి భక్తి ముదిరిందని శ్యాంబాబు మురిసిపోయాడు. శనివారం ఇల్లు తనదవుతుంది కదా!

పండుగ ముందు శనివారం. ఆయనకి సత్యం బోధపడింది. ఆ పెద్ద హాల్లో చివరి వరసదాకా గణగణమని పోవాలంటే రౌండ్‌వౌండే కావాలి. ఉన్నవేమో చెమటకి, మురికికి చచ్చిపోయాయి. కొత్తవి తెప్పిస్తే తనే రిటర్న్. ఫోన్లో ఒక వీడియో దొరికింది. చచ్చిన బేస్ తీగల్ని నీళ్లలో ఉడకబెడితే మురికి వదిలి మళ్లీ బతుకుతాయట.

ప్రిస్కిల్లా కూడికకి వెళ్లింది. శ్యాంబాబు వంటింట్లోకి ఉరికాడు. పెద్ద గిన్నెలన్నీ పండుగ భోజనాల కోసం చర్చికి వెళ్లిపోయాయి. మిగిలింది ఒక్కటే, అటక మీద గుడ్డ కప్పుకుని కూర్చున్న మట్టి దాక.

అది మామూలు దాక కాదు. అత్తగారు ఏసమ్మ గారు అంతర్వేది నుంచి ఒళ్లో పెట్టుకుని తెచ్చి ఇచ్చింది. చేపల పులుసు తప్ప వేరే వంట ఎరగదు, సబ్బు మొహం చూడలేదు. పెళ్లి ఫోటో పగిలితే ప్రిస్కిల్లా "పోనీలెండి" అంది. ఈ దాకకి కొంచెం పెచ్చు లేచినప్పుడు మాత్రం అన్నం తినలేదు.

"సబ్బు పెట్టట్లేదుగా, ఉత్త నీళ్లేగా" అని తనకి తనే సర్దిచెప్పుకుని, తీగల్ని చుట్టలు చుట్టి దాకలో వేసి స్టవ్ వెలిగించాడు.

నీళ్లు మరిగాయి. తీగల మురికి దాకలోకి దిగింది. దాకలో ఇన్నేళ్లుగా ఇంకిన పులుసంతా తీగల్లోకి ఎక్కింది. నీళ్లు ఎర్రగా తిరిగాయి. కొరమీను, వంజరం, పండుగప్ప, పులస, ఆ ఇంట్లో పుట్టినరోజులకీ పరీక్షలు పాసైనందుకూ వండుకున్న చేపలన్నీ ఒక్కసారి లేచి వీధిలోకి వచ్చినంత వాసన.

కింద వాటాలో ఇంటి ఓనరు సత్యకుమారి గారున్నారు. ఆవిడ ముక్కు ముందు కుక్కర్ విజిల్ దండగ. ఎవరింట్లో ఏం పొంగినా ఆవిడకే ముందు తెలుస్తుంది. మెట్లు టకటకమన్నాయి.

"ఏం బాబూ, పులుసా?"

"అబ్బే, లేదండి... అంటే, అవునండి."

"ప్రిస్కిల్లా లేనట్టుందే? నువ్వే వండుతున్నావా? ఏం చేప?" అంటూనే మూత ఎత్తేశారు. ఎర్రటి నీళ్లలో పొడుగ్గా, మెలికలు తిరిగి, తళతళా కదులుతున్నాయి.

"బొమ్మిడాయిలే!" ఆవిడ కళ్లు మెరిశాయి. "ఎన్నాళ్లయింది తిని! ఇంత పొడుగువి ఎక్కడ దొరికాయి?"

"ఆన్‌లైన్లోనండి" అన్నాడు శ్యాంబాబు. కంగార్లో నిజం వచ్చేసింది.

"కలికాలం! తలకాయలు తీశావా?"

"తీసే పంపిస్తారండి."

"చింతపండు తక్కువైనట్టుంది, చూసుకో. చీకటిపడ్డాక గిన్నె తెచ్చుకుంటాలే."

ఆవిడ దిగగానే తీగలు తీసి, దండెం మీద ప్రిస్కిల్లా చీర మాటున ఆరేసి, నీళ్లు పారబోసి, దాకని గుడ్డతో తుడిచి అటకెక్కించి, ఊదొత్తులు వెలిగించి, ఫ్యాన్ ఐదులో పెట్టి, సోఫాలో కూర్చుని, లేచి, మళ్లీ కూర్చుని, బైబిలు తీసుకున్నాడు.

ప్రిస్కిల్లా వచ్చింది. చెప్పులు విడుస్తూ ఒక్క పీల్పు పీల్చింది.

"బైబిలు తలకిందులుగా ఉందండీ."

"చూశావా, అందుకే అర్థం కావట్లేదు."

"మా అమ్మ దాక ముట్టుకున్నారా?"

"దాకా? ఏ దాక? నేనా?"

అంతలో గుమ్మంలో సత్యకుమారి గారు, చేతిలో గిన్నె. పండుగ రద్దీలో తర్వాత కుదరదని ముందే వచ్చారట. "అమ్మాయ్, మీ ఆయన బొమ్మిడాయిల పులుసు అయిపోయిందా?"

గాలికి చీర తొలగింది. దండెం మీద నాలుగు తీగలు ఊగాయి, చుక్క చుక్క కారుతూ. ప్రిస్కిల్లా వాటిని చూసింది, అటకని చూసింది, మొగుణ్ణి చూసింది. అరుస్తుందని శ్యాంబాబు భుజాలు ముడుచుకున్నాడు. ఆవిడ నవ్వింది. అరిచినా బాగుండేది.

"అవి బాగా కుదరలేదటండీ, మళ్లీ వండుతున్నారు. మా ఆయన మాటిచ్చారంటే ఇచ్చినట్టే."

శ్యాంబాబు చేపల మార్కెట్‌కి పరిగెత్తాడు. కిటకిటలాడే బజారంతా తిరిగి బొమ్మిడాయిలు తెచ్చాడు. వాటిని తోమడం అంటే బతికున్న సబ్బుబిళ్లతో కుస్తీ. కళ్లుప్పు, బూడిద రాసి బండమీద రుద్దుతుంటే ఒక్కటి నిలవదే! ఒకటి ఎగిరి ఆయన చొక్కాజేబులో పడింది.

"అలా కాదండీ" అంది ప్రిస్కిల్లా, పీట వేసుకు కూర్చుని. "బొటనవేలు వెనకాల ఆనించండి. మిగతా వేళ్లు వంచి చివర్లతో నొక్కండి. మణికట్టు విరవకండి. భుజం వదులు చేయండి. బలం పిడికిలిది కాదు, చేతి బరువుది."

శ్యాంబాబు ఆగి చూశాడు. "ఇదంతా యెహెజ్కేలు మాస్టారు చెప్పినట్టుందే?"

"చేపైనా ఏదైనా పట్టు పట్టేగా. రుద్దండి."

ఆ దాకలోనే పులుసు అయ్యేసరికి ఆయన వేళ్ల చివర్లు ఉప్పుకి మండి, వాచి, ఎర్రగా ఉన్నాయి. సత్యకుమారి గారు రుచి చూసి, "వంట బాగానే ఉంది గానీ, కొంచెం ఇనప వాసనొస్తోంది బాబూ. చెరువులో మేకులు మేసినట్టున్నాయి" అన్నారు. ప్రిస్కిల్లా దాక వంక చూసి మొహం తిప్పుకుంది. తను చేసిన పని ఏమిటో అప్పటికి గానీ శ్యాంబాబుకి పూర్తిగా తెలిసిరాలేదు.

అయినా తెల్లారింది, పండుగొచ్చింది, ఆశ లేచింది. చర్చి నిండా ఇంటింటి నుంచి కానుకగా వచ్చిన గుమ్మడికాయలు, అరటిగెలలు, ధాన్యం బస్తాలు, కాళ్లు కట్టేసిన కోళ్లు. భోజనాల ముందు వీటన్నిటికీ వేలం ఉంటుంది. వెనక మూల డబుల్ బేస్‌కి కూడా బంతిపూల దండ వేసి నిలబెట్టారు. అలంకారం కాబోలు అనుకున్నాడు శ్యాంబాబు. తన మూలలో నిలబడి ఉడికిన తీగల్ని మీటాడు. గణగణమన్నాయి! నిజంగా బతికాయి! మొహం విప్పారింది.

తీగలు వేడెక్కే కొద్దీ వాసన కూడా బతికింది.

మొదటి చరణానికి గుమ్మంలో ఒక పిల్లి కనపడింది. రెండో చరణానికి అది స్టేజీ కింద ఉంది. మూడో చరణానికి శ్యాంబాబు ప్యాంటు పట్టుకుని గిటార్ వైపు ఆర్తిగా చూస్తోంది. "ష్... పో" అన్నాడు పెదాల మధ్య నుంచి. మైకు పట్టేసుకుంది. మొదటి వరసలో కూర్చున్న చర్చి పెద్ద ఒకాయన తననే అనుకుని లేచి నిలబడ్డారు.

క్వయర్ ఆగింది. డ్రమ్స్ ఆగాయి. చర్చి అంతా నిశ్శబ్దం. ఇదే ఆ చోటు.

పిల్లి గెంతింది. కోళ్లు పిల్లిని చూశాయి. కాళ్లు కట్టేసినా రెక్కలు కట్టలేదుగా, ఒక్కసారిగా లేచాయి. శ్యాంబాబు ఒక చేత్తో పిల్లిని, ఇంకో చేత్తో కోడిని ఆపాడు. తీగల మీద మాత్రం ఏ చెయ్యీ లేదు.

మాస్టారి చెయ్యి కళ్లజోడు మీదకి వెళ్లింది.

అప్పుడు వినపడింది. డూమ్... డుడూమ్... నేలలోంచి వచ్చినట్టు, గోదావరి వంతెన మీద గూడ్సుబండి దూరంగా కదిలినట్టు. పాట కింద పడకుండా ఎవరో మెత్తగా అందుకున్నారు. శ్యాంబాబు వెనక్కి తిరిగాడు.

బంతిపూల దండ వెనక, డబుల్ బేస్‌ని భుజానికి ఆనించుకుని, కొంగు దోపుకుని ప్రిస్కిల్లా. బొటనవేలు వెనకాల. కాయలు కాచిన వేళ్లు వంపుగా. భుజం వదులుగా. అవే తాతగారికన్నా పెద్ద తీగలు. ఒక్క స్వరం కూడా జారలేదు.

క్వయర్ అందుకుంది. మాస్టారు కళ్లజోడు తీశారు, ఈసారి తుడుచుకోవడానికి.

"ఇదా నీ స్త్రీల కూడిక?" అన్నాడు శ్యాంబాబు తర్వాత, చంకలో పిల్లితో.

"అదీ అయ్యేది. ఇదీ అయ్యేది."

"నాకు చెప్పొచ్చుగా!"

"చెప్తే ముందు దాని తీగలు మార్పిస్తారు కదండీ."

ఆయన పిల్లిని కిందకి దించాడు. ఇందులో అబద్ధం ఏముంది? తల వంచుకునే "బాగా వాయించావే" అన్నాడు. అప్పుడు ప్రిస్కిల్లా నిజంగా నవ్వింది.

ఆ నవ్వు చూసి ధైర్యమొచ్చి వేలం దగ్గరికి వెళ్లాడు. ప్రిస్కిల్లా కానుకబుట్ట వంతు వచ్చింది. వేలం పాడే ఆయన గుమ్మడికాయ తీశాడు, కొబ్బరికాయలు తీశాడు, తర్వాత ఒక కట్ట తీసి అటూ ఇటూ తిప్పాడు. "తీగలండీ! నున్నటివి, నల్లవి, సీలు విప్పనివి కూడా ఉన్నాయి. ఎవరికి కావాలి?"

శ్యాంబాబు చెయ్యి దానంతటదే లేచింది. పక్కనుంచి ప్రిస్కిల్లా చూసింది. లేచిన చెయ్యి మెల్లగా తల గోక్కుని దిగిపోయింది.

వేలంపాట, పండుగ భోజనాలకి వచ్చిన సత్యకుమారి గారికి దక్కింది.

ఇప్పుడు ఆ ఇంటి పెరట్లో ఆనపపాదు ఫ్లాట్‌వౌండ్ తీగల మీదుగా మేడపైకి పాకుతోంది. కాయలు నున్నగా వెన్నలా ఉన్నాయని ఆవిడ అందరికీ చెబుతున్నారు. శ్యాంబాబు బ్యాండులోనే ఉన్నాడు, అయితే ఆదివారం ఆయన మొదటి పని డబుల్ బేస్‌ని వెనకగది నుంచి ఎత్తుకొచ్చి ప్రిస్కిల్లా పక్కన నిలబెట్టడం. మిగతా రోజుల్లో సాయంత్రం ఒకే తీగ మీద, ఒకే స్వరం, టిక్ టిక్ యంత్రం పెట్టుకుని వాయిస్తాడు. పక్కన టీచరుగారు పేపర్లు దిద్దుతూ ఉంటుంది.

"ఇంక చాలా ప్రిస్కీ?"

"ఇంకాసేపు. ఆ తర్వాత చేపలు తోమాలి."

"ఇవాళ కూడానా? ఎన్నాళ్లే ఇలా?"

"మా అమ్మ దాకకి మళ్లీ పాత రుచి వచ్చేదాకా" అంది ఆవిడ, తలెత్తకుండానే. "భుజం వదులు చేయండి."