గుమ్మంలో సిలిండరు

విశ్వాసం గొప్పదా, మంచి ప్రవర్తన గొప్పదా అన్న ప్రశ్న రెండు వేల ఏళ్ళుగా తేలలేదని పండితులు బాధపడుతుంటారు. అనవసరమైన బాధ. వీధి చివరి చర్చి సంఘంలో ఆ ప్రశ్న ఒక ఆదివారం మధ్యాహ్నం, అందరూ భోజనాలకు లేచేలోపే తేలిపోయింది. రెండూ గొప్పవేనని, కాబట్టి రెండిటికీ చెరొక శాఖ, చెరొక బీరువా ఉండాలని తీర్మానించారు.

విశ్వాస శాఖ ప్రార్థించాలి. సత్క్రియల శాఖ పని చెయ్యాలి. ఒకరి పనిలో ఇంకొకరు వేలు పెట్టకూడదు. (కిందటేడు పెట్టారు. జ్వరంతో ఉన్న ఒకాయన కోసం వీళ్ళు ప్రార్థిస్తుండగా వాళ్ళు మాత్రలు తెచ్చి మింగించారు. జ్వరం తగ్గింది. ఎవరివల్ల తగ్గిందో తేలక, పాపం, ఆయన్ని దేవుడి మేలు గురించి చర్చిలో సాక్ష్యం చెప్పనివ్వలేదు.) అప్పటినుంచి నిబంధన ఒక్కటే. ముందు ప్రార్థన జరగాలి. అది ఫలించలేదని విశ్వాస శాఖ సంతకం చేసి కాగితం ఇస్తేనే సత్క్రియల శాఖ చెయ్యి కదపాలి.

ఇంత చక్కటి ఏర్పాటు పెద్దమ్మ ఇంటి గుమ్మంలో ఆగిపోయింది.

సంఘంలో అందరికీ ఆవిడ పెద్దమ్మే. మెట్టు మీద జారి, మోకాలి దాకా పిండికట్టుతో కుర్చీలో కూర్చుని ఉంది. వంటింట్లో ఖాళీ సిలిండరు. వీధి గుమ్మంలో నిండు సిలిండరు. తెచ్చినతను దాన్ని అక్కడే దించి, ఫోనులో 'చేరింది' అని నొక్కి వెళ్ళిపోయాడు. లోపల పెట్టడానికి ఆ ఫోనులో బొత్తాం లేదట. పొయ్యి వెలగక పెద్దమ్మ చన్నీళ్ళలో రొట్టె తడుపుకుని తింటోంది. అదైనా ఓర్చుకుంటుంది గానీ, పొద్దున్నే గ్లాసెడు వేడి టీ పడకపోతే ఆవిడకి దేవుడి మీద కూడా కాస్త కోపం వస్తుంది.

ముందు విశ్వాస శాఖ వచ్చింది. అధ్యక్షురాలు రిటైరైన లెక్కల టీచరు. వెనక ఇంకో ముగ్గురు. అందరూ సిలిండరు పక్కనుంచి ఒళ్ళు కుదించుకుని లోపలికి దూరారు.

"వందనాలు పెద్దమ్మా! ఏం కావాలో చెప్పు, అడుగుదాం."

"ఆ సిలిండరు పొయ్యి దగ్గరికి చేరాలమ్మా."

"కొండల్నే కదిలిస్తుంది విశ్వాసం. ఇదెంత?"

"కొండలు ఎక్కడివక్కడ ఉన్నా నాకు ఫరవాలేదు తల్లీ. టీ కాచుకోవాలి."

చాలాసేపు, మనసారా ప్రార్థించారు. (మనసారానే. ఆ విషయంలో వాళ్ళకి వంక పెట్టలేం.) మధ్యలో ఒకావిడ ఒక కన్ను తెరిచి చూసింది. సిలిండరు కూడా భక్తిగా నిలబడే ఉంది.

"కదల్లేదుగా. సంతకం పెట్టి వెళ్ళమ్మా" అంది పెద్దమ్మ.

టీచరు కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "ఫలించలేదని రాస్తే నాకు విశ్వాసం లేనట్టే కదా పెద్దమ్మా. విశ్వాసం లేకపోతే ఈ శాఖలో ఉండకూడదు. శాఖలో లేనిదాన్ని సంతకం ఎలా పెడతాను?"

లెక్కల టీచరు కదా, లెక్క సరిగ్గా సరిపోయింది. పెద్దమ్మ ఇంకో రొట్టె తడుపుకుంది.

సాయంత్రం సత్క్రియల శాఖ అధిపతి వచ్చాడు. వ్యాయామశాల నడుపుతాడు, అందరూ వస్తాదు అంటారు. సిలిండరుని ప్రేమగా చూశాడు.

"నాకిది పూచికపుల్ల పెద్దమ్మా. కాగితం ఏదీ?"

"ఇవ్వలేదురా నాయనా. ఇప్పుడెవరూ చూడట్లేదు, కాస్త లోపల పెట్టి పోరాదూ?"

"ఎవరూ చూడని మంచిపని శాఖ లెక్కలోకి ఎలా వస్తుంది?" అని నిజంగానే నొచ్చుకున్నాడు. వెళ్తూ వెళ్తూ, గుమ్మంలో దారికి అడ్డంగా ఉందని సిలిండరుని మోకాలితో గదిలోకి జరిపి మరీ వెళ్ళాడు.

పెద్దమ్మ రొట్టె నమలడం ఆపింది. వస్తాదు చేసింది ప్రార్థన కాదు, సత్క్రియా కాదు. అడ్డు తొలగించుకున్నాడు, అంతే. దానికి ఇంకా శాఖ పెట్టలేదు.

మర్నాడు చంకకర్రతో కుర్చీలన్నీ నడవాలోకి తోసింది. "ముందు గదిలో ఉక్కగా ఉందమ్మా, నడవాలో గాలి వస్తుంది" అంది. నడవా మొదట్లో సిలిండరు అడ్డొచ్చింది. మళ్ళీ వచ్చిన విశ్వాస శాఖవాళ్ళు కబుర్లాడుకుంటూనే తలో చెయ్యీ వేసి నడవాలోకి ఒక పక్కకు దొర్లించుకుని, చల్లగా కూర్చుని, అది కదలాలని ప్రార్థించి వెళ్ళారు. ఆ మర్నాడు కుర్చీలు వంటింట్లోకి చేరాయి. "ఫ్యాను అక్కడుందిరా" అంది, వచ్చిన వస్తాదుతో. నడవా ఇరుకు, వస్తాదు వెడల్పు. సిలిండరుని ఎత్తుకుని వంటింట్లోకి నడిచి, పొయ్యి పక్కన దించి, చేతులు దులుపుకుని అడిగాడు. "ఇంతకీ కాగితం వచ్చిందా?"

అతను వెళ్ళాక పెద్దమ్మ పీట మీద కూర్చుని రెగ్యులేటరు మార్చుకుంది. పొయ్యి భగ్గుమంది. ఆ టీ గురించి ఎవరూ సాక్ష్యం అడగలేదు గానీ, అడిగితే ఆవిడ గంటసేపు చెప్పేది.

ఆదివారం, సిలిండరు ఎలా కదిలిందన్న విచారణకు రెండు శాఖలూ పాస్టరుగారితో సహా ఆ వంటింట్లోనే సమావేశమయ్యాయి.

"కదిలింది! ప్రార్థన ఫలించింది" అంది టీచరు.

"మోసింది నేనండీ!"

"కాగితం లేకుండానా?"

వస్తాదు కాసేపు ఆలోచించాడు. "అయితే నేను మొయ్యలేదు."

పాస్టరుగారు అలసిపోయి పెద్దమ్మ వైపు తిరిగారు. "నువ్వే చెప్పు పెద్దమ్మా, ఇది విశ్వాసమా, క్రియా?"

"ముందు టీ తాగండి అయ్యగారూ, చల్లారిపోతుంది."

తాగారు. టీ అద్భుతమని తీర్మానం కూడా చేశారు.

"ఇక ఆ గ్లాసులు కాస్త ఎవరైనా కడిగి వెళ్ళండి, నిలబడలేకపోతున్నాను" అంది పెద్దమ్మ.

అందరూ కుర్చీల్లోంచి లేచారు. తర్వాత ఆవిడ కాలు త్వరగా బాగవ్వాలని కళ్ళు మూసుకుని, మనసారా ప్రార్థించి వెళ్ళారు. గ్లాసులు కడగడం ఏ శాఖ కిందికి వస్తుందో వచ్చే సమావేశంలో తేలుస్తారు. అప్పటిదాకా ఉంచితే చీమలు పడతాయని పెద్దమ్మే కడిగింది, ఒంటికాలి మీద నిలబడి.