ఆగస్టు ఇరవై నాటి తొలి పాదం

సింగపూరు గడ్డపై తొలి తెలుగువాడు కాలుమోపిన పుణ్యదినం ఆగస్టు ఇరవయ్యో తేదీ అని ఇక్కడి తెలుగు చరిత్రోద్ధరణ సమితి రెండువేల సంవత్సరం జూలైలో ఏకగ్రీవంగా తీర్మానించింది. ఆ రోజు ఆదివారం కావడమూ, హౌగాంగ్‌లో హాలు ఖాళీగా ఉండటమూ చరిత్ర మనపై చూపిన ప్రత్యేక అభిమానం.

తేదీలు సరిదిద్దడంలో సమితి సభ్యులకు సాటి లేదు. మొన్నటి వై2కె గండంలో బ్యాంకుల కంప్యూటర్లు కొత్త శతాబ్దాన్ని పాతదని భ్రమపడకుండా కాపాడినవారు వారే. అంతటివారికి ఒక పూర్వీకుడి రాక ఏపాటి?

చిక్కల్లా ఆ పూర్వీకుడిది ఏ ఊరన్నదే. కాకినాడ అన్నాడు అధ్యక్షుడు గంగాధర్. “మా ఓరుగల్లాయన ఎక్కకుంటే ఆ ఓడ కదిలేదే కాదు, ఎర్కేనా?” అన్నాడు కోశాధికారి కృష్ణప్రసాద్. “కడపోళ్లంటే అంత అలుసైపోయినామా?” అంటూ కార్యదర్శి వసుంధర లేచి నిలబడింది. చివరికి ముగ్గురు పూర్వీకులు చేతులు పట్టుకుని ఒకేసారి కుడికాలు మోపారని రాజీ కుదిరింది. ఓడ నిచ్చెనను అందుకు తగినంత వెడల్పు చేశారు.

ఇక మిగిలింది శాస్త్రీయ ధ్రువీకరణ. అందుకు క్లెమెంటిలో ఉంటున్న విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు సాంబమూర్తి గారిని ఎంచుకున్నారు. రుజువులేని మాటకు జీవితమంతా సున్నా వేసిన చెయ్యి అది. సంతకం పెడితే ఆ నిక్కచ్చి మనిషన్న పేరు కాస్తా పోతుంది.

“ఆధారమేదయ్యా?” అన్నారాయన.

“ఆధారమేంటి మాస్టారూ, హాల్ బుక్కయిపోయింది!” గంగాధర్ నొచ్చుకున్నాడు.

ఆయన సంతకం పెట్టలేదు. పైగా వేడుకనాడు వేదికెక్కి, “ఈ తేదీకి గానీ, ఈ ముగ్గురికి గానీ ఆవగింజంత ఆధారం లేదు” అని చెప్పి దిగిపోయారు. హాలు చప్పట్లతో దద్దరిల్లింది. అంత క్లుప్తమైన ఉపన్యాసం సమితి ఎన్నడూ ఎరగదు. పైగా బిర్యానీ మూతలు అప్పటికే తీశారు. “మాస్టారి వినయం చూశారా!” అంటూ గంగాధర్ కళ్లు తుడుచుకున్నాడు. మర్నాడు సమితి వెబ్‌సైటులో ‘ప్రముఖ శాస్త్రవేత్త సమక్షంలో చారిత్రక దినోత్సవం’ వెలసింది. వారం తిరగకుండా మరో నాలుగు వెబ్‌సైట్లు దాన్నే ఎత్తి రాసుకుని సత్యానికి బలం చేకూర్చాయి.

సెప్టెంబరులో ఆయన మనవరాలు అనన్యకు బడిలో ‘చరిత్రలో ఒక రోజు’ అని ప్రాజెక్టు ఇచ్చారు. ఆగస్టు ఇరవై గురించి తాతయ్య చెప్పిందే రాసింది పిల్ల: ఆధారం లేదని. టీచరు సగం మార్కులు కోసి, ‘మూలం చూపలేదు’ అని ఎర్రసిరాతో గీశారు. సమితి పేజీని యథాతథంగా దించుకున్న గంగాధర్ కొడుకు అభిజిత్‌కు పూర్తి మార్కులు పడ్డాయి.

“తాతయ్యా, యూ గాట్ నో వెబ్‌సైట్ లా! హౌ కెన్?” అంది అనన్య సింగపూరు ఇంగ్లీషులో, కళ్లనీళ్లతో. వెబ్‌సైటే లేకపోతే ఎలా అని.



అంతా బాగానే ఉంది, ఈ కథకు మాత్రం ఆధారమేమిటని పాఠకులు అడగవచ్చు. చక్కని ప్రశ్న. ఆ ఆదివారం హాలులో అడిగి ఉంటే సాంబమూర్తి గారికి ఒక తోడు దొరికేది. మీరూ అక్కడే ఉన్నారు కదా, పళ్లెం పట్టుకుని, వరుసలో.